పూసింది కాదు, చెక్కింది కొలవండి

రెండేళ్ల కిందట, ఏప్రిల్ నెలాఖరులో, గోదావరి డెల్టాలోని ఒక పట్టణపు మురుగునీటి శుద్ధి కేంద్రంలో ఖాళీ చేసిన ట్యాంకులోకి నిచ్చెన వేసుకుని దిగాను. పట్టణంలోని మురుగంతా పంపుల మీదుగా వచ్చి మొదట పడేది అందులోనే. పైన శ్లాబు వేసి మూసిన ట్యాంకు. ముందుగా కంటబడింది గోడ చుట్టూ తాడు పట్టి గీసినట్టున్న ఒక గీత. గీతకు దిగువన, పాతికేళ్లుగా మురుగులో నానిన కాంక్రీటు నల్లబడిందే తప్ప చెక్కుచెదరలేదు. బురద కడిగి చూస్తే, పోత పోసిన నాటి చెక్కల ఆనవాళ్లు, ఒక చోట చెక్కలోని ముడి అచ్చుతో సహా, అలాగే ఉన్నాయి. గీతకు ఎగువన, నీరు ఎన్నడూ తాకని చోట, సిమెంటు కరిగిపోయి కంకర రాళ్లు చిగుళ్లు అరిగిన పళ్లలా బయటికి పొడుచుకొచ్చాయి. తాపీ మొనతో గీకితే, నానిన సగ్గుబియ్యం నలిపినట్టుగా తెల్లటి ముద్ద రాలింది. మురుగు తాకిన చోట గట్టిగా ఉండి, గాలి తగిలే చోట గోడ కుళ్లిపోవడమేమిటని నాతో దిగిన కుర్ర ఇంజనీరు ఆశ్చర్యపోయాడు.

తెలిసినవారికి ఇందులో వింత లేదు. మురుగు పైపుల లోపలి గోడలకు పట్టిన జిగురు పొరలో, గాలి చొరని చోట బతికే బ్యాక్టీరియా నీటిలోని సల్ఫేటును సల్ఫైడుగా మారుస్తుంది. ఆ మురుగు ట్యాంకులోకి ఎత్తు నుంచి దూకే చోట, గోళీసోడా కొట్టినప్పుడు గ్యాసు ఎగదన్నినట్టుగా, హైడ్రోజన్ సల్ఫైడు వాయువు పైకి లేస్తుంది. శ్లాబు అడుగున, ఎప్పుడూ చెమ్మగా ఉండే కాంక్రీటు మీద కాపురముండే మరో జాతి బ్యాక్టీరియా ఆ వాయువును సల్ఫ్యూరికామ్లంగా మారుస్తుంది. కొత్తలో 12కు పైగా ఉండే కాంక్రీటు పీహెచ్ ఆ పైపొరలో 2కు, ఒక్కోసారి 1కి కూడా దిగజారుతుంది. ఆమ్లం సిమెంటులోని సున్నంతో కలిసి జిప్సంగా మారుతుంది. తాపీ మొనకు రాలిన తెల్లటి ముద్ద అదే. నీటి దిగువన ఉన్న గోడకు ఆ బ్యాక్టీరియాకు కావలసిన గాలి అందదు గనుక ఆమ్లమూ పుట్టదు, గోడా చెడదు.

డెల్టాలో ఈ జబ్బు తొందరగా ముదరడానికి మన నేల తీరు కూడా తోడవుతుంది. పళ్లెంలా చదునుగా ఉన్న ఊళ్లలో మురుగు పైపులకు వాలు ఇవ్వాలంటే చోటు దొరకదు; వాలు లేని పైపులో మురుగు నత్తనడక నడుస్తుంది, పంపింగ్ స్టేషన్ గుంటలో గంటల తరబడి నిలవ ఉంటుంది, మే నెల ఎండకు కాగుతుంది. నిలవా, వేడీ రెండూ సల్ఫైడును పెంచేవే. దీనికితోడు, సముద్రానికి దగ్గరి మండలాల్లో భూగర్భ జలం ఉప్పన. బీటలు వారిన పైపుల్లోకి ఊరే ఆ నీరు తనతో సల్ఫేటును కూడా మోసుకొస్తుంది. మెరక ప్రాంతంలోని శుద్ధి కేంద్రానికి గీసిన డ్రాయింగును తెచ్చి, ఊరి పేరు మాత్రం మార్చి ఇక్కడ కట్టేస్తే ఫలితం ఇలాగే ఉంటుంది.

ఇక్కడ ఒక పొరపాటును ప్రస్తావించకుండా ఉండలేను. మురుగు ట్యాంకు అనగానే చాలా ఎస్టిమేట్లలో సల్ఫేటును తట్టుకునే సిమెంటు వాడాలని రాసి చేతులు దులుపుకుంటారు. నేలలోని, నీటిలోని సల్ఫేటు దాడికి ఆ సిమెంటు పనికొస్తుంది. కానీ శ్లాబు అడుగున పుట్టేది ఆమ్లం; ఆమ్లం ముందు పోర్ట్‌లాండ్ సిమెంటు జాతిలో ఏదైనా కరిగిపోయేదే. అక్కడ కావలసింది ఆమ్లం సోకకుండా అడ్డుపడే లైనింగు, లేదా కాల్షియం అల్యూమినేట్ సిమెంటు లాంటి వేరే జాతి పదార్థం.

రెండో జబ్బు ఇనుముది. అదే ఆవరణలో ఉన్న గుండ్రటి క్లారిఫయరు, అంటే మురుగులోని మడ్డి అడుగుకు దిగేలా నిలిపే ట్యాంకు, పైన తెరిచి ఉంటుంది గనుక దానికి ఆమ్లం బాధ పెద్దగా లేదు. దాని గోడకు బయటి నుంచి ఉప్పు పట్టింది. మంచి కాంక్రీటు లోపల ఊచల చుట్టూ ఒక సన్నని రక్షణ పొర ఉంటుంది. ఉప్పులోని క్లోరైడు లోపలికి ఇంకి ఆ పొరను ఛేదిస్తే, లేదా గాలిలోని బొగ్గుపులుసు వాయువు కాంక్రీటు పీహెచ్‌ను 9కి దిగువన పడేస్తే, ఊచ తుప్పు పట్టడం మొదలవుతుంది. తుప్పు తాను తిన్న ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికే ఊచ మీది కాంక్రీటు పొర, అంటే కవరు, పగిలి పెచ్చులు ఊడతాయి. పెచ్చు ఊడిన చోట కొలిస్తే ఊచ మీద కాంక్రీటు మందం 20 మిల్లీమీటర్లు కూడా లేదు. కాంక్రీటు పనులకు వర్తించే భారతీయ ప్రమాణం ఐఎస్ 456 తీవ్రమైన పరిస్థితులకు 45, అతి తీవ్రమైన వాటికి 50 మిల్లీమీటర్ల కవరు అడుగుతుంది. పోత పోసిన రోజున ఊచను అంత ఎడంగా నిలిపే పది రూపాయల కవర్ బ్లాకు దగ్గర చేసిన పొదుపు అది.

క్లారిఫయరును తనిఖీ చేయడానికి కాంక్రీటు గట్టిదనం చూసే రిబౌండ్ సుత్తి, విద్యుత్ పొటెన్షియల్ కొలిచే హాఫ్‌సెల్ మీటరు, ఫినాల్ఫ్తలీన్ సీసా తీసుకెళ్లాం. మాతో వచ్చిన పెద్దమేస్త్రీగారి దగ్గర మాత్రం అరకిలో సుత్తి ఒకటే ఉంది. కోనసీమ మనిషి, చిన్నతనంలో రాశిలోని కొబ్బరికాయల్ని చెవి దగ్గర ఆడించి కురిడీలు ఏరిన చెయ్యి. గోడ వెంట నడుస్తూ జానెడు జానెడుకి ఒక్కో దెబ్బ వేస్తూ, మోత మారిన చోటల్లా సుద్దతో గీత గీశారు. "మీరు మిషను పెట్టి నంబర్లు రాసుకోండి బాబూ, కాదనను. ఇక్కణ్ణుంచి ఆ పైపు దాకా మటుకు అంతా గుల్లేనండి" అన్నారు. తరువాత హాఫ్‌సెల్ మీటరుతో అడుగడుక్కీ కొలిచి, మైనస్ 350 మిల్లీవోల్టుల కన్నా దిగువన ఉన్న చోట్లను, అంటే ఊచ తుప్పు పడుతూ ఉండటానికి నూటికి తొంభై పాళ్లు అవకాశమున్న చోట్లను, అదే గోడ మీద నీలి సుద్దతో గుర్తించాం. నీలి గీతలు ఆయన తెల్ల గీతలను దాదాపు అంతటా కప్పి, కొన్ని చోట్ల రెండడుగులు బయటికి పాకాయి. ఆ రెండడుగుల్లో గోడ ఇంకా గుల్లబారలేదు గానీ లోపల ఊచకు జబ్బు సోకింది. తాజాగా పగలగొట్టిన చోట ఫినాల్ఫ్తలీన్ చల్లితే, ఆరోగ్యంగా ఉన్న కాంక్రీటు క్షణంలో రాణీ రంగుకు తిరిగింది. ఊచకు పైనున్న 15 మిల్లీమీటర్ల పొర మాత్రం రంగు పట్టకుండా బూడిదగానే మిగిలింది.

ఇంత పాడైనదాన్ని బాగుచేయడం దేనికి, పడగొట్టి కొత్తది కట్టకూడదా అని ఎవరైనా అడగవచ్చు. అడగదగిన ప్రశ్నే. అడుగు శ్లాబు ఒక పక్కకు కుంగిపోయినా, ఊచల మందం చాలా చోట్ల పావువంతుకు మించి పోయినా, ఊరు పెరిగి ట్యాంకు చాలకపోయినా నేనూ పడగొట్టమనే చెబుతాను. ఇక్కడ అవేవీ లేవు; చెడింది పైనున్న రెండు మూడు అంగుళాలే, అడుగు కుంగకుండా నిలబడి ఉంది. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి మరొకటుంది. పాత ట్యాంకును చెడగొట్టిన అలవాట్లే కొత్తదాన్నీ కడతాయి. ఐఎస్ 456 ప్రకారం ఊచలున్న కాంక్రీటు కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. తీరానికి దగ్గరలో, చేపల చెరువుల పక్కన, సైటు మూలన వేసిన బోరు నీరు ఆ హద్దులో ఉందో లేదో పరీక్షించి పోత మొదలుపెట్టిన పనులు నా అనుభవంలో వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని. పుట్టుకతోనే ఉప్పు కలిసిన ట్యాంకును మరో పాతికేళ్లకు మళ్లీ పడగొట్టవలసి వస్తుంది.

బాగుచేయడాన్ని సమర్థించే నాకు అసలు గొడవ బాగుచేసే తీరుతోనే. నిజానికి ఈ క్లారిఫయరుకు అంతకు ఆరేళ్ల ముందే ఒకసారి మరమ్మతు జరిగింది. చేసిన గుత్తేదారు పేరూ, చేయించిన కార్యాలయం పేరూ ఇక్కడ అనవసరం. డెల్టాలో ఏ ఊరైనా అదే కథ. గోడను తీగల బ్రష్షుతో రుద్ది, గుంటలను సిమెంటు చాందుతో పూడ్చి, మీద రెండు పొరల ఎపాక్సీ పూశారు. పనైన రోజున ట్యాంకు పెళ్లిపందిరిలా మెరిసిందట. మేం దిగేనాటికి ఆ ఎపాక్సీ గోడంతా బొబ్బలెక్కి ఉంది. ఒక బొబ్బను మేకుతో పొడిచాను. సన్నని ధార ఎగజిమ్మి నా చొక్కా మీద పడింది. బయటి నేలలోని నీరు గోడలోంచి లోపలికి తోస్తూ ఉంటే, లోపలి ముఖాన పూసిన పూత వెనక నుంచి నెట్టుకొస్తున్న ఒత్తిడికి ఊడిపోక ఏం చేస్తుంది? నాలుగు మూలలా టేపు అంటించి ఒక మూరెడు పాలిథీన్ కాగితాన్ని రాత్రంతా గోడ మీద ఉంచితే తెల్లవారేసరికి దాని వెనక చెమ్మ పట్టిందో లేదో తెలిసిపోతుంది. పది రూపాయల పరీక్ష అది. అది చేసి ఉంటే ఆ ఎపాక్సీ డబ్బాల మూతలు తెరిచేవారు కాదు.

ఎందుకు చేయలేదన్నదే నా వ్యాసానికి మూలం. మేస్త్రీ చేతగానివాడు కాడు, గుత్తేదారు దొంగ కానక్కరలేదు. కొలతల పుస్తకంలో, అదే మనమంతా ఎం బుక్కు అనేదానిలో, ఆ పనికి ఉన్న పద్దు ఒక్కటే: ఇన్ని చదరపు మీటర్ల పూత, చదరపు మీటరుకు ఇంత రేటు. గోడను ఎంత లోతుకు చెక్కాలి, ఎన్ని రోజులు ఆరబెట్టాలి, ఊచ వెనక వేలు దూరేంత సందు చేయాలా వద్దా అన్నవి "ఉపరితలాన్ని సిద్ధం చేయుటతో సహా" అనే అర వాక్యంలో ముడుచుకుపోయాయి. ఆ అర వాక్యానికి వేరే డబ్బు లేదు. చెక్కిన ప్రతి అంగుళం గుత్తేదారుకు నష్టం, పూసిన ప్రతి మీటరు లాభం. అలాంటప్పుడు ఏ మనిషైనా ఎక్కువ పూసి తక్కువ చెక్కుతాడు. నాణ్యత గురించి ఎన్ని సమావేశాలు పెట్టినా ఆ లెక్క మారదు. కాంక్రీటు మరమ్మతులో పనితనమంతా తీసివేయడంలోనే ఉంది. వేసేది ఎంత ఖరీదైన పదార్థమైనా, గుల్ల కాంక్రీటు మీద వేస్తే గుల్లతోపాటే ఊడుతుంది.

చెక్కడమంటే కంటికి కనిపించే పెచ్చు మేరకే అనుకోవడం కూడా పొరపాటే. తుప్పు పట్టిన చోట మాత్రమే చెక్కి, కొత్త మోర్టారుతో పూడిస్తే, ఆ అతుకులోని ఊచ బాగుపడుతుంది గానీ అతుకు అంచున, పాత ఉప్పు కాంక్రీటులో మిగిలిన ఊచ మునుపటికన్నా వేగంగా తుప్పు పడుతుంది. ఒకే ఊచ రెండు రకాల కాంక్రీటులో ఉండటంతో అది ఒక బ్యాటరీలా పనిచేస్తుంది. రెండు మూడేళ్లకు అతుకు చుట్టూ ఉంగరంలా కొత్త పెచ్చులు ఊడతాయి. పాత పని చెడిందని అందరూ అంటారు. అందుకే నీలి సుద్ద గీత దాకా చెక్కాలి, ఊచ వెనక కనీసం 20 మిల్లీమీటర్లు ఖాళీ చేయాలి, ఊచను మెరిసేదాకా శుభ్రం చేయాలి, మందం బాగా తగ్గిన చోట పక్కన కొత్త ఊచ కట్టాలి. అతుకు అంచుల్లో జింకు దిమ్మలు కడితే ఊచకు బదులు అవి కరుగుతాయి. ఇదంతా ముగిశాక పూత గురించి మాట్లాడవచ్చు.

చెక్కినదాన్ని కొలవడం కుదరదని, దొంగ లెక్కలకు దారి తీస్తుందని ఒక సీనియరు ఇంజనీరుగారు నాతో వాదించారు. పూత కొలతల్లో దొంగ లెక్కలు లేవా అన్నది అటుంచితే, దీనికి డెల్టాలో ప్రతి రైస్‌మిల్లు పక్కనా ఉన్న కాటాయే సమాధానం. కాంక్రీటు ఘనపు మీటరు సుమారు రెండున్నర టన్నులు తూగుతుంది. సుద్ద గీతల ఫొటోలు, మీటరుకొక చోట కొలిచిన లోతులు, బయటికి పోయిన శిథిలాల ట్రాక్టరు కాటా చీటీలు, ఈ మూడూ ఒకదానితో ఒకటి సరిపోలాలి. ధాన్యం బస్తాను కిలో తేడా లేకుండా తూచే మనకు శిథిలాలు తూచడం కష్టమా?

ఇక కాలం సంగతి. దాళ్వా కోతలయ్యాక, ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు. మళ్లీ నీళ్లు వదిలేది జూన్‌లో. కాటన్ 1852లో పూర్తిచేసిన ధవళేశ్వరం ఆనకట్ట, 1980ల్లో బ్యారేజీ వచ్చేదాకా నిలవడానికి వేసవుల్లో ఏటేటా జరిగిన మరమ్మతులూ ఒక కారణం. కాలువలు ఎండిన ఆ ఆరేడు వారాల్లోనే డెల్టాలో భూగర్భ నీటిమట్టం అన్నిటికన్నా దిగువకు జారుతుంది. మరమ్మతుకు ట్యాంకును ఖాళీ చేయదగిన కాలం అదొక్కటే. అయితే మన నిధుల సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది, కొత్త నిధులు వచ్చి, టెండరు పిలిచి, పని అప్పగించేసరికి జూలై. అప్పటికి కాలువలు నిండుగా పారుతుంటాయి, చేలల్లో నీరు నిలిచి ఉంటుంది, గోదావరికి వరద కూడా తగలవచ్చు.

జూలైలో ఖాళీ చేస్తే ఏమవుతుందో ఒక లెక్క చూడండి. లోపలి వ్యాసం 10 మీటర్లు, గోడ ఎత్తు 4 మీటర్లు, గోడ మందం 25 సెంటీమీటర్లు, అడుగు మందం 30 సెంటీమీటర్లు ఉన్న ట్యాంకు బరువు సుమారు 145 టన్నులు. బయట భూగర్భ నీటిమట్టం అడుగుకు 2 మీటర్ల ఎత్తున ఉంటే, ఆ నీరు ట్యాంకును పైకి తోసే బలం 173 టన్నులు. అంటే ఖాళీ ట్యాంకు పడవ అవుతుంది. ఒక్కసారిగా తేలకపోయినా ఒక పక్క రెండంగుళాలు లేచిందంటే చాలు, పైపుల జాయింట్లన్నీ తెగుతాయి. బరువు తోపుడుకన్నా కనీసం 1.2 రెట్లు ఉండాలన్న నియమం ప్రకారం ఈ ట్యాంకును ఖాళీ చేయాలంటే బయటి నీరు 1.4 మీటర్లు దాటకూడదు. అడుగున ఒత్తిడి తీసే వాల్వులు ఉన్నాయిగా అంటారు. పాత ట్యాంకుల్లో అవి ఒండ్రుతో పూడుకుపోయి ఉండటమే నేను చూశాను. అందువల్ల ట్యాంకు పక్కన ఒక చిల్లుల గొట్టం దింపి, రోజూ పొద్దున్నే టేపుతో నీటిమట్టం కొలిచి, పలక మీద రాసి పెట్టడం మా పనిలో మొదటి నియమంగా పెట్టుకున్నాం.

వేసవికి ఒక కీడు కూడా ఉంది. ఎండకు మురుగు చిక్కబడి, హైడ్రోజన్ సల్ఫైడు ఎక్కువగా పుడుతుంది. అడుగు బురదను పారతో కదిపితే ఒక్కసారిగా పైకి లేస్తుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే ప్రమాదమని, రాకపోతే క్షేమమని కూలీలు నమ్ముతారు. పది లక్షల పాళ్లలో నూరు పాళ్ల దగ్గరికి చేరేసరికి ఆ వాయువు ముక్కును మొద్దుబారుస్తుంది, వాసన తెలియకుండా పోతుంది. గాలి కన్నా బరువైనది గనుక ట్యాంకు అడుగునే కూర్చుంటుంది. అందుకని గ్యాసు మీటరును తాడుతో కిందికంటా దించి చూడకుండా, ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గలేదని తేలకుండా, బ్లోయరు నడవకుండా, పైన తాడు పట్టుకుని ఒక మనిషి నిలబడకుండా ఎవరినీ దించకూడదు. రక్షణ సాధనాలు లేకుండా మనుషుల్ని మురుగు గుంటల్లోకి దించడాన్ని, పాకీ పనిని నిషేధించిన 2013 చట్టం నేరంగా పరిగణిస్తుంది. అలాంటి చావుకు 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎస్టిమేటులో బ్లోయరుకూ మీటరుకూ వేరే పద్దు లేకపోతే, అవి కూడా చెక్కుడు పని లాగే ఆ అర వాక్యంలో కలిసిపోతాయి.

మా క్లారిఫయరు పని మే నెలాఖరుకు ముగిసింది. ఒకదానికి రెండు క్లారిఫయర్లు ఉండటం వల్ల మురుగును రెండోదానికి మళ్లించగలిగాం. రెండోది లేని కేంద్రాల్లో ఆ నెల రోజులూ మురుగు నేరుగా పక్కనున్న డ్రెయిన్‌లోకి పోతుంది, దానికి ఏర్పాటు లేని మరమ్మతును నేను మరమ్మతనను. శుద్ధి అయిన నీటితోనే ట్యాంకు నింపి, కాంక్రీటు తాగేంత తాగడానికి ఏడు రోజులు వదిలేసి, తరువాతి ఏడు రోజులు మట్టం కొలిచాం. మూత ఉన్న భూగర్భ ట్యాంకుకైతే వారంలో 40 మిల్లీమీటర్ల దాకా తగ్గినా పరవాలేదన్నది నీటి ట్యాంకులకు వర్తించే భారతీయ ప్రమాణం ఐఎస్ 3370లో చాలాకాలంగా ఉన్న కొలత. మాది తెరిచిన ట్యాంకు గనుక ఎండకు ఎగిరిపోయేది ఎంతో తేల్చడానికి పక్కనే ఒక బకెట్టు నీళ్లు పెట్టాం. వారం చివర బకెట్టులో 49, ట్యాంకులో 55 మిల్లీమీటర్లు తగ్గింది. ఈలోగా కాలువలకు నీళ్లొదిలారు. చిల్లుల గొట్టంలో మట్టం రోజుకు రెండు మూడు వేళ్ల చొప్పున పెరగడం మొదలైంది.

పూత బిల్లు నెల తిరక్కుండానే వచ్చింది. చెక్కిన కాంక్రీటుకు మేం అదనపు పద్దుగా పెట్టిన బిల్లు మాత్రం, రేట్ల పట్టికలో అలాంటి పని లేదన్న అభ్యంతరంతో మూడుసార్లు వెనక్కి వచ్చి, నాలుగోసారి వెళ్లింది. దానికి జతచేసిన కాటా చీటీలు వేడికి అచ్చయ్యే రకం కాగితం మీదివి. అంకెలు వెలిసిపోతున్నాయని ఈ మధ్యే అన్నిటికీ జిరాక్సులు తీయించి పెట్టాను.